ఆటకు పిలిచే మనిషి కావాలి
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గుర్తుకొస్తుంది. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. అందుకే ఏటా ఈరోజున డి.ఆర్. బకాయిలు, వైద్య బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను డాక్టర్ని కాను. 1978లో గుమాస్తాగా చేరి, 2013లో సూపరింటెండెంటుగా బయటికొచ్చినవాణ్ణి. ఫైళ్ళు కాక నాకు తెలిసిన విద్య మరొకటి ఉందంటే అది బాల్ బ్యాడ్మింటన్. అందుకని, పెద్దవాళ్ళు ఆటకు ఎందుకు వస్తారు, ఎందుకు రారు, వచ్చినవాళ్ళు ఎందుకు మానేస్తారు అన్న సంగతి మాట్లాడతానన్నాను. పది నిమిషాలు ఇచ్చారు. పదిహేను అవుతుంది, ఓర్చుకోండి.

ముందుగా ఒక చిన్న పరీక్ష. చిన్నప్పుడు ఏ ఆటా ఆడనివారు చేతులెత్తండి. ఒక్క చెయ్యీ లేవలేదు. కబడ్డీయో, కోతికొమ్మచ్చో, తొక్కుడు బిళ్ళో, అందరం ఆడినవాళ్ళమే. సరే, పోయిన నెలలో ఒక్కసారైనా ఏదో ఒక ఆట ఆడినవారు? నాలుగు చేతులు. అందులో ఒకరిది పేకాటట, ఆయనే చెప్పి నవ్వుతున్నారు.

ఇది మన హాలు సంగతి మాత్రమే కాదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో తమిళనాడు, మహారాష్ట్ర, ఝార్ఖండ్, చండీగఢ్‌లలో సుమారు 14 వేలమంది పెద్దవాళ్ళను ప్రశ్నించి చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. సగానికి పైగా జనానికి చాలినంత శారీరక శ్రమ లేదని అందులో తేలింది. తీరిక వేళ సరదాకో, వ్యాయామానికో ఒళ్ళు వంచేవారు నూటికి పదిమంది కూడా లేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం, 2022 నాటికి మనదేశంలో చాలినంత శ్రమ లేని పెద్దలు మగవాళ్ళలో నూటికి 42 మంది, ఆడవాళ్ళలో 57 మంది. ఈ రెండో అంకె దగ్గరికి మళ్ళీ వస్తాను.

మరి ఇదంతా తెలియకనా? కాదండీ. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదలాలని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు, పత్రికలు రాస్తూనే ఉన్నాయి. మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసి కూడా కుర్చీలోంచి లేవం. ఎందుకు లేవమో చెప్పాలంటే, నేను మొదట ఎలా లేచానో చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసు వెనక ఒక కోర్టు ఉండేది. సాయంత్రం అయిదు కొట్టేసరికి మా అటెండరు నేలమీద నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు గీసేవాడు. బాల్ బ్యాడ్మింటన్ మీలో చాలామందికి తెలిసిందే. పసుపుపచ్చని ఉన్ని బంతి, అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, మా రోజుల్లో 29 పాయింట్ల గేము. తంజావూరులో పుట్టిందంటారు గాని, మన ఊళ్ళలో ఆఫీసు ఆటంటే అదే. వరంగల్లులో స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్యగారికి 1970లో ఈ ఆటలో అర్జున అవార్డు వచ్చింది. ఆయన నూరేళ్ళు దాటి బతికి 2021లో కన్నుమూశారు.

నేను ఆరోగ్యం కోసం ఆ కోర్టులోకి దిగలేదు. ఇరవై మూడేళ్ళవాడికి ఆరోగ్యం గురించి ఏం పడుతుంది? ఒకరోజు సైకిలు తీసుకుని ఇంటికి బయల్దేరుతుంటే మా సూపరింటెండెంటుగారు కేకేశారు. "ఏమోయ్, అయిదో మనిషి లేడు, రా" అన్నారు. అంతే. ఆ ఒక్క పిలుపుతో దిగినవాణ్ణి ముప్ఫయి అయిదేళ్ళు ఆడాను. సూపరింటెండెంటుగారూ, అటెండరూ ఒకే జట్టు. బంతి ఎవరి జీతం ఎంతని చూసి వచ్చేది కాదు. ఆ గంటన్నర తర్వాత ఇంటికి వెళ్తుంటే, పొద్దున పడిన చీవాట్లు ఆ కోర్టులోనే రాలిపోయినట్టుండేది.

ఇంతవరకూ చెప్పింది మంచి. ఇప్పుడు చెప్పబోయేది నేను చేసిన పొరపాటు.

1994లో అకౌంట్స్ విభాగంలోని ఒక మిత్రుడు కోర్టుకు రావడం మొదలుపెట్టారు. ఆయనకు అప్పుడు నలభై ఆరేళ్ళు. షుగరు ఉందని తేలి, ఏదైనా ఆట ఆడమని డాక్టరు చెప్పారు. తెల్లటి కాన్వాసు బూట్లు కొత్తవి కొనుక్కుని వచ్చారు. పాపం, ఎప్పుడూ బ్యాటు పట్టిన మనిషి కాదు. ముందువరసలో నిలబెడితే బంతి వచ్చేటప్పుడు కళ్ళు మూసుకునేవారు. వారం రోజులు ఓర్చుకున్నాం. మరో ఆఫీసు జట్టుతో పోటీ దగ్గరపడింది. నాకు గెలుపు పిచ్చి. ఒక సాయంత్రం వరసగా మూడు బంతులు వదిలేశారు. నేను అందరిముందూ అన్నాను: "సార్, మీరు గట్టుమీద కూర్చుని స్కోరు రాయండి. అదే మాకు పెద్ద సాయం."

అందరూ గొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వారు. గట్టుమీద కూర్చుని ఆ సాయంత్రమంతా ఒక్క పాయింటు తప్పకుండా స్కోరు రాశారు. మర్నాటి నుంచి రాలేదు. ఆ పోటీలో మేం గెలిచాం. కప్పు ఇచ్చారు. ఆ కప్పు ఇప్పుడు ఎక్కడుందో మాలో ఎవరికీ తెలియదు.

2016లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు బెంచీమీద ఆయన పక్కనే చోటు దొరికింది. షుగరుతో పాదాలు మొద్దుబారి కర్ర సాయంతో నడుస్తున్నారు. పాత కబుర్ల మధ్య నవ్వుతూనే అన్నారు: "ఆ బూట్లు మూడేళ్ళు అట్టపెట్టెలోనే ఉంచానండీ. ఎప్పుడైనా మళ్ళీ పిలుస్తారేమోనని. చివరికి మా అబ్బాయి కాలికి సరిపోతే ఇచ్చేశాను."

నేను పిలవలేదు. ఆయన జబ్బు ముదరడానికి నా మాటే కారణమని అనను. జబ్బుకు వంద కారణాలుంటాయి. కాని నలభై ఆరేళ్ళ వయసులో సిగ్గు చంపుకుని కోర్టులోకి వచ్చిన మనిషిని వెనక్కి పంపింది మాత్రం నేనే. పిల్లవాడు బంతి వదిలేస్తే నేర్చుకుంటున్నాడంటాం. పెద్దవాడు వదిలేస్తే నవ్వుతాం. నడివయసులో ఆటకు రానివాళ్ళలో సగంమందికి ఆ నవ్వంటేనే భయమని ఇప్పుడు నాకనిపిస్తుంది. "ఈ వయసులో మనకెందుకు" అన్న మాట వినబడినప్పుడల్లా దాని వెనక నాలాంటివాడు ఒకడు ఎప్పుడో ఏదో అని ఉంటాడనిపిస్తుంది.

ఉద్యోగుల ఆటలకు ప్రోత్సాహం లేదని కూడా అనలేం. జాతీయ స్థాయిలో ఆడేవారికి ప్రత్యేక సెలవు ఉండేది. ఊరూరా ఎన్జీవో హోములున్నాయి, రిక్రియేషన్ క్లబ్బులున్నాయి. అయితే ఆ ప్రోత్సాహమంతా బాగా ఆడేవాళ్ళకే. ఆడటం రానివాడికి మిగిలింది చప్పట్లు కొట్టే పని. ఇప్పటికీ అంతే. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచాక, 2012లో సైనా, 2016లో సింధు ఒలింపిక్ పతకాలు తెచ్చాక, మన ఊళ్ళలో షటిల్ నేర్పేచోట్లు ఎన్నో వెలిశాయి. సంతోషమే. సాయంత్రం అక్కడికి వెళ్ళి చూడండి. లోపల పిల్లలు చెమటలు కక్కుతూ ఆడుతుంటారు. బయట ప్లాస్టిక్ కుర్చీల్లో వాళ్ళ అమ్మానాన్నలు ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. గంటన్నరసేపు కూర్చుంటారు. ఆ పక్కన ఒక నెట్టు కట్టి, "మీరూ రండి" అనేవాళ్ళు లేరు.

ఇక ఇందాకటి అంకె దగ్గరికి వస్తాను. ఆడవాళ్ళలో నూటికి 57 మంది.

2018లో మా మనవరాలు బడినుంచి ఒక రబ్బరు రింగు తెచ్చింది, టెన్నికాయిట్ ఆడేది. మేడమీద విసురుతుంటే అది బట్టలారేస్తున్న మా ఆవిడ వైపు వెళ్ళింది. ఆమె ఒంటిచేత్తో అందుకుని, ఆగకుండా అదే ఊపులో తిరిగి వదిలింది. ఆ ఆటలో రింగును రెండు చేతులతో పట్టకూడదు, పట్టుకుని ఆగకూడదు. అది తెలిసిన చెయ్యని చూడగానే నాకర్థమైంది. "నీకీ ఆట వచ్చా?" అన్నాను. "హైస్కూల్లో జిల్లా పోటీలకు వెళ్ళాను" అంది. పెళ్ళయి ముప్ఫయి ఆరేళ్ళు. నాకెప్పుడూ చెప్పలేదేమంటే ఆమె అన్న మాట ఇది: "పెళ్ళిచూపుల్లో మీవాళ్ళు పాట వచ్చా అని అడిగారు గాని, ఆట వచ్చా అని ఎవరూ అడగలేదు."

ఆరోజు రాత్రి కూర్చుని లెక్క వేసుకున్నాను. రోజూ అయిదు నుంచి ఆరున్నర దాకా నేను కోర్టులో ఉన్నాను. ఆ వేళకు పిల్లలు బడినుంచి వచ్చేవారు. వాళ్ళకు పాలు, చదువు, మా అమ్మకు మందులు, రాత్రి వంట, నేను రాగానే స్నానానికి వేడినీళ్ళు. నా ఆట ముప్ఫయ్యేళ్ళు నిరాటంకంగా సాగిందంటే, ఆ సాయంత్రాలన్నీ ఆమె ఇచ్చినవి. ఆడవాళ్ళు ఆటలకు రారని తేలిగ్గా అనేస్తాం. ముందు ఆ గంట ఖాళీ ఎక్కడిది? ఉన్నా, ఎక్కడ ఆడాలి? చీర కట్టుకుని పరుగెడితే నలుగురూ ఏమంటారు? తోడు ఎవరు? ఈ నాలుగు ప్రశ్నలకూ ఇంట్లో మగవాళ్ళు జవాబు చెప్పకుండా, "నువ్వూ వ్యాయామం చెయ్యకూడదూ" అనడం న్యాయం కాదు.

మిగతా అడ్డంకులు మీకు తెలిసినవే కనుక త్వరగా చెప్తాను. ఒకటి, చోటు. నడవడానికి కూడా చోటులేని ఊళ్ళు మనవి. విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున కొంతసేపు వాహనాలు ఆపేస్తే ఎంతమంది వచ్చి నడుస్తారో చూసినవారికి తెలుసు. చోటిస్తే జనం వస్తారు. రెండు, డబ్బు. గంటకు ఇంతని కోర్టు అద్దె కట్టడం పెన్షను మీద బతికేవారికి ఆలోచించుకోవలసిన సంగతే. మూడు, భయం. మోకాళ్ళు, గుండె, కింద పడతామేమోనని. ఇది ఉత్త భయం కాదు. అందుకే బి.పి., షుగరు, గుండె చూపించుకుని, డాక్టరుగారు సరేనన్నాకే మొదలుపెట్టాలి. అయితే పడతామని అసలు కదలకపోతే కాళ్ళలో బలం తగ్గి, పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. 65 దాటినవారు వారంలో మూడు రోజులైనా ఒంటి నిలకడకు, కండబలానికి పనికొచ్చే కదలికలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో ఉంది.

ఇవన్నీ ఉన్నా, నా మట్టుకు నాకు ఆట మాన్పించింది వీటిలో ఏదీ కాదు. 2013లో పదవీ విరమణ చేసినప్పుడు నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. తీరిక కావలసినంత. అయినా బ్యాటు బీరువామీదికి ఎక్కింది. రెండేళ్ళు దించలేదు. కారణం ఏమిటంటే, నాతో ఆడేవాళ్ళు లేరు. ఆఫీసుతోపాటే కోర్టూ పోయింది, జట్టూ పోయింది. సాయంత్రం అయిదయ్యేసరికి ఎక్కడికో వెళ్ళాలనిపించేది. వెళ్ళే చోటు లేక టీవీ పెట్టుకునేవాణ్ణి. రెండేళ్ళలో ఎనిమిది కిలోలు పెరిగాను. బి.పి. వచ్చింది.

2015లో ఒకరోజు ఉదయం మా వీధిలోని రిటైర్డ్ హెడ్మాస్టరుగారు గేటు చప్పుడు చేశారు. "పార్కులో షటిల్ ఆడుతున్నాం. మాకు నాలుగో మనిషి లేడు, వస్తారా?" అన్నారు. ఇరవై మూడేళ్ళప్పుడు విన్న మాటే. అరవయ్యేళ్ళకు మళ్ళీ వినబడింది. మర్నాడు వెళ్ళాను. నెల తర్వాత ఒకరోజు బద్ధకించి వెళ్ళలేదు. ఏడున్నరకల్లా ముగ్గురూ ఇంటికొచ్చారు. "ఏం, ఒంట్లో బాగాలేదా?" అని.

మిత్రులారా, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మనం రాకపోతే హాజరు పట్టీలో ఎర్ర ఇంకు పడేది. పదవీ విరమణ తర్వాత మనం ఎక్కడికి రాకపోయినా అడిగేవాళ్ళు లేరు. ఆ ముగ్గురూ గుమ్మంలో నిలబడిన రోజున, నా పేరు మళ్ళీ ఒక పట్టీలో ఎక్కిందనిపించింది. అప్పటినుంచి వాన పడితే తప్ప మానలేదు.

కోపెన్‌హాగన్ నగరంలో ఎనిమిదిన్నర వేలమందిని పాతికేళ్ళ దాకా గమనిస్తూ వచ్చిన అధ్యయనం ఒకటి 2018లో అచ్చయింది. ఏ వ్యాయామమూ లేనివారితో పోలిస్తే, జాగింగ్ చేసేవారి ఆయుర్దాయం సుమారు 3.2 ఏళ్ళు, బ్యాడ్మింటన్ ఆడేవారిది 6.2 ఏళ్ళు, టెన్నిస్ ఆడేవారిది 9.7 ఏళ్ళు ఎక్కువగా కనబడింది. ఆటవల్లే ఆయుస్సు పెరిగిందని దీంతో రుజువు కాదు. టెన్నిస్ ఆడగలిగినవారు మొదటినుంచీ కలిగినవారూ, ఆరోగ్యవంతులూ కావచ్చు. కాని మరొకరితో కలిసి ఆడే ఆటలు ముందు నిలవడం ఆ పరిశోధకులకూ ఆలోచించదగ్గదిగా కనిపించింది. ఒంటరిగా పరుగెత్తేవాడు ఒకరోజు మానేస్తే ఎవరికీ తెలియదు. ఆటలో అలా కుదరదు.

పంజాబ్‌కు చెందిన మన్ కౌర్ పేరు వినే ఉంటారు. 2017లో ఆక్లండ్‌లో జరిగిన ప్రపంచ మాస్టర్స్ క్రీడల్లో 101 ఏళ్ళ వయసులో నూరు మీటర్ల పరుగు పరుగెత్తి పతకం తెచ్చారు. 2021లో కన్నుమూశారు. అలాంటివారిని చూసి మనకెక్కడ సాధ్యమని నిట్టూరుస్తాం. ఆవిడ కూడా పుట్టుకతో పరుగెత్తలేదు. 93 ఏళ్ళ వయసులో కొడుకు రమ్మంటే మైదానానికి వెళ్ళారు. పిలిచిన మనిషి ఉన్నాడు, అదీ సంగతి.

అందుకని సంఘానికి నా విన్నపాలు కొన్ని. మన భవనం వెనక ఖాళీ స్థలంలో షెడ్డు వేసి అద్దెకివ్వాలన్న ప్రతిపాదన కమిటీ ముందుంది. ఆదాయం అక్కర్లేదని అనను. సగం స్థలమైనా వదలండి. రెండు కర్రలు, ఒక నెట్టు, కొంచెం సున్నం చాలు. వారానికి రెండు సాయంత్రాలు ఆటకు కేటాయిద్దాం. అందులో ఒకటి పూర్తిగా ఆడవాళ్ళది. ఆరోజు టీలు కాచే పని మనది. కొత్తగా వచ్చినవారికి మొదటి మూడు నెలలు స్కోరు లెక్కపెట్టవద్దు. బంతి వదిలేస్తే ఎవరూ నవ్వవద్దు. నిలబడలేనివారికి క్యారమ్ బోర్డు, కూర్చుని విసిరే రింగు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, రానివారికి ఆ సాయంత్రమే ఒకరు ఫోను చేయాలి. ఆ పని నాకు అప్పగించండి.

చివరి మాట. నా అకౌంట్స్ మిత్రుడు ఈ సభకు రాలేకపోయారు. నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఇరవై రెండేళ్ళ తర్వాత ఆ బెంచీమీద కూడా అడగలేకపోయిన క్షమాపణ నిన్న అడిగాను. "ఆ సంగతి ఇంకా పెట్టుకున్నారా?" అని కొట్టిపారేశారు. కోర్టు మొదలైతే రమ్మని పిలిచాను. కాసేపు కర్రవైపు చూసుకున్నారు. తర్వాత అన్నారు: "ఆటో మాట్లాడి పంపండి, వస్తాను. కూర్చుని రింగు విసురుతాను. స్కోరు మాత్రం మీరే రాయాలి."

రాస్తానని మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టుకోవడానికి నాకు వెనక స్థలంలో సగం కావాలి. కమిటీవారు దయచేసి ఆలోచించండి.